నది గోడలో చీకటి ద్వారాలు

థేమ్సు నది రోజుకు రెండు పర్యాయాలు తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది. లండను వంతెన దగ్గర ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం ఏడు మీటర్ల వరకూ మారుతుంది. ఆటువేళ నీరు తీసిపోగానే గట్టుగోడల మొదట బురద, గులకరాళ్ళు, ఏనాటివో ఇటుకముక్కలు బయల్పడతాయి. వాటితోపాటు గోడలో అక్కడక్కడ నల్లని నోళ్ళు కనిపిస్తాయి. కొన్నింటికి బరువైన ఇనుప తలుపులున్నవి. కొన్ని వట్టి కమానులు. వంతెన మీద బస్సులలో పోయేవారిలో నూటికొక్కరైనా వాటివంక చూస్తారో లేదో!

వాక్సాలు వంతెనకు కొద్దిగా పడమరగా, ఉత్తరపు గట్టున ఉన్న కమానునే తీసుకోండి. అది ఒకనాటి టైబర్ను నదీముఖం. హాంప్‌స్టెడ్ మెరకలలో పుట్టిన ఆ ఏరు మెరిల్‌బోను పేట మీదుగా దిగి, ఇప్పటి బకింగ్‌హామ్ రాజప్రాసాదం అడుగుగా ప్రవహించి థేమ్సులో కలిసేది. నేటికీ ఆ దారిన నీరు పారుతూనే ఉన్నది. కాకపోతే దానిని నది అనేవారు లేరు, మురుగు సొరంగమంటారు. వెస్ట్‌బోర్ను అనే మరొక ఏటి గతి ఇంకా విచిత్రం. స్లోన్ స్క్వేరు భూగర్భ రైలు స్టేషనులో ప్రయాణికుల తలలమీదుగా, పట్టాలకు అడ్డంగా, పెద్ద ఇనుప గొట్టంలో అది సాగిపోతున్నది. కింద నిలబడి రైలుకోసం ఎదురుచూసేవారికి తమ నెత్తిన ఒక నది ఉన్నదని తెలియదు!

ఫ్లీటు వీటన్నిటికీ పెద్దన్న. 1666 నాటి మహా అగ్నిప్రమాదం తరువాత క్రిస్టఫర్ రెన్ దాని దిగువభాగాన్ని పడవలు నడిచే కాలువగా తీర్చిదిద్దాడు. పడవలకంటె చెత్తే అందులో ఎక్కువగా చేరింది. 1730లలో కొంత, 1760లలో కొంత దానిని కప్పివేశారు. కప్పినంతమాత్రాన అది ఊరుకోలేదు. 1846లో లోపల పేరుకున్న విషవాయువులు పేలి వీధిలోకి ఎగజిమ్మాయి. ఇప్పటికీ క్లర్కెన్‌వెల్‌లో, రే వీధిలోని ఇనుప జాలీ దగ్గర చెవియొగ్గితే అడుగున పారే నీటి హోరు వినవచ్చును.

ఈ ద్వారాలలోకి మనుషులు పోయేవారా? పోయేవారు, పొట్టకూటికోసం. హెన్రీ మేహ్యూ 1851లో లండను శ్రామికులను గురించి ప్రచురించిన గ్రంథంలో వారి బ్రతుకును వర్ణించాడు. వారిని ‘టాషర్లు’ అనేవారు. ఆటువేళ నదీముఖంలోంచి ముగ్గురు నలుగురుగా లోపలికి దూరి, మురుగులో చేతులుపెట్టి నాణేలు, వెండి చెంచాలు, ఇనుము, తాళ్ళు ఏరుకునేవారు. ఒంటరిగా పోతే ఎలుకల గుంపు బారినపడతామని భయం. రొమ్ముకు లాంతరు, చేతిలో కొసకు పార బిగించిన పొడవాటి కర్ర. కాలు ఊబిలో దిగబడినప్పుడు ఆ కర్రే ప్రాణాధారం. వీధి జాలీల కిందికి రాగానే లాంతరు మూసివేసేవారు. పైన జనం చూచి గుమిగూడితే ప్రమాదం. అనుమతి లేక ప్రవేశించడం నేరం. పట్టి ఇచ్చినవారికి అయిదు పౌనుల బహుమానం.

ద్వారాలకు బిగించిన ఇనుప తలుపుల పని సులువైనది. ఆటువేళ లోపలి మురుగే వాటిని తోసుకుని బయటికి వస్తుంది. పోటువేళ నది వాటిని బయటినుంచి మూస్తుంది. అందులో చిక్కుకున్నవాడు నది దయతలచేవరకూ ఆగవలసిందే. హాంప్‌స్టెడ్‌లో వాన కురిస్తే కింద ఉన్నవానికి ఆకాశం కనిపించదు కదా!

అసలు విపత్తు మాత్రం లోపలికి పోయినవారికి కాదు, బయట నీరు త్రాగినవారికి సంభవించింది. నగరపు మలమంతా ఈ ద్వారాలగుండా థేమ్సులో పడేది. పోటు దానిని వెనక్కి తెచ్చేది. అదే నీటిని జనం త్రాగేవారు. 1853-54 కలరాకు లండనులో పదివేలమందికి పైగా బలయ్యారు. రోగం నీటిద్వారా వ్యాపిస్తున్నదని డాక్టరు జాన్ స్నో 1854లో సోహోలోని బ్రాడ్ వీధి పంపును చూపి వాదించాడు. చెడుగాలే కారణమని నమ్మే పెద్దలు చెవినిబెట్టలేదు. 1858 వేసవిలో దుర్గంధం పార్లమెంటు భవనంలోకి చొరబడింది. కిటికీల తెరలను సున్నపు క్లోరైడులో ముంచి వ్రేలాడగట్టినా ఫలితం లేకపోయింది. వేలమంది చనిపోయినా కదలని సభ, తన ముక్కుకు సోకగానే పద్దెనిమిది రోజులలో చట్టం చేసింది. స్నో అప్పటికి లేడు. ఆ జూన్‌లోనే మరణించాడు.

ఇంజనీరు జోసెఫ్ బాజల్‌గెట్ నదికి సమాంతరంగా 82 మైళ్ళ పెద్ద సొరంగాలు నిర్మించాడు. అవి పాత ఏళ్ళను దారిలోనే అడ్డగించి, మురుగును నగరానికి తూర్పున దూరంగా చేర్చేవి. 31 కోట్ల 80 లక్షల ఇటుకలు ఖర్చయ్యాయి. 1870లో తెరచిన విక్టోరియా గట్టు గర్భంలో అటువంటి సొరంగమే ఉన్నది. ఆయన కూడ చెడుగాలి సిద్ధాంతాన్ని నమ్మినవాడే. కారణం తప్పు, కార్యం ఒప్పు! 1866లో కలరా మళ్ళీ వచ్చినప్పుడు పని ముగియని తూర్పు పేటలలోనే అయిదువేలమందికి పైగా చనిపోయారు.

మరి పాత ద్వారాలను మూసివేయలేదేమి? మూస్తే జడివానలో సొరంగాలు పొంగి మురుగు ఇళ్ళలోకి ఎదురుతన్నుతుంది. అందుచేత మిగులునీరు నదిలోకి పోయేందుకు వాటిని ఉంచారు. నగర జనాభా అప్పుడు పాతిక లక్షలు. నేడు తొంభై లక్షలకు దగ్గర. ఎప్పుడో అవసరపడవలసిన ద్వారాలు వారానికొకసారి తెరుచుకోసాగాయి. అందుకే నది అడుగున 25 కిలోమీటర్ల పొడవున, 7.2 మీటర్ల వ్యాసంతో కొత్త సొరంగం తవ్వారు. 2016లో ఆరంభమైన నిర్మాణం 2025 ఫిబ్రవరిలో పూర్తిగా అనుసంధానమయింది.

చూడగోరేవారికి ఒక మాట. నదీతీరపు బురదలో వెదకడానికైనా రేవు అధికారుల అనుమతి కావాలి. లోపలికి పోవడం ప్రాణాంతకం. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కును మొద్దుబారుస్తుంది, వాసన పోయిందనుకుంటాడు మనిషి. ఆటుపోటుల పట్టిక చూసుకుని, వాక్సాలు దగ్గర దక్షిణపు గట్టున నిలబడండి. నీరు తీసినకొద్దీ ఎదుటిగోడలో టైబర్ను కమాను మెల్లగా పైకి వస్తుంది.