పుంజును అమ్ముకోవద్దు

పనులు లేని రోజుల్లో కూలి ఇళ్లకు ఉప్పూ చింతపండూ తెచ్చిపెట్టేది పెరట్లో కోళ్లే. ఆ డబ్బు ఆడవాళ్ల చేతిలో ఉంటుంది. సంఘం పనిమీద కోస్తా పల్లెలు తిరిగే మేము ఏటా చూస్తున్నదొకటుంది. సంక్రాంతి దగ్గర పడగానే మారుబేరగాడు గడపలో నిలబడతాడు. పెట్టకంటే పుంజుకు ఎక్కువ ఇస్తానంటాడు. అవసరం కొద్దీ ఉన్న ఒక్క పుంజునూ ఇచ్చేస్తాం. నష్టం అక్కడే మొదలు.

పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది గనక మొదట తేడా తెలియదు. రెండు మూడు వారాలు దాటాక పెట్టే గుడ్లు కూరకే పనికొస్తాయి. పొదగేస్తే పెట్ట 21 రోజులు కూర్చున్నా అన్నీ మురిగిపోతాయి. ఇక పిల్లల్ని కొనాల్సిందే. హైదరాబాదులో రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు గుడ్లు బాగానే పెడతాయిగాని పొదగవు. వాటిని నమ్ముకుంటే ప్రతిసారీ పిల్లల కోసం బయటికి పోవాలి. విత్తనం చేజారిన రైతు గతే మనకూ.

పది పెట్టలకు ఒక పుంజు చాలు. రెండుంటే పోట్లాడుకుంటాయి. ఒకే పుంజు ఏళ్ల తరబడి ఉంటే తన పిల్లలతోనే జత కట్టి సంతతి బలహీనపడుతుంది. ఏడాదికో రెండేళ్లకో పక్క ఊరివాళ్లతో మార్చుకోవాలి. నాలుగిళ్లు కలిసి ఒక పుంజును మేపుకోవచ్చు. కలిసి కూలికిపోయే వాళ్లం, ఈమాత్రం చేయలేమా?

కొక్కెర తెగులు వస్తే పుంజూ పెట్టా అన్నీ పోతాయి. ముందే టీకాలు వేయించాలి. పశువుల ఆసుపత్రికి ఒక్కరు పోతే రేపు రమ్మంటారు. పదిమందిమి కోళ్ల గంపలతో పోదాం. అప్పుడు కాదనలేరు.