ఐసు మైదానం మీద పచారీ కొట్టు

మా హనుమకొండలో ఐసు అంటే ఏమిటి? ఎండాకాలంలో ఊకలో పాతి, పైన గోనెసంచి కప్పిన దిమ్మ. చిన్నప్పుడు దాన్ని సుత్తితో పగలగొట్టించుకుని, తువ్వాలులో మూటగట్టి పరుగెత్తుకు వచ్చేవాళ్ళం. ఇల్లు చేరేసరికి సగం నీరై చొక్కా మీద కారిపోయేది. అటువంటి ఐసు మీద మనుషులు చెప్పులకు కత్తులు బిగించుకుని హాకీ ఆడతారనీ, దానికోసం కోటలంత భవనాలు కట్టుకున్నారనీ ఎవరైనా చెబితే నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. మొన్న టొరంటోలో మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు గడిపి వచ్చాక ఆ నవ్వు కాస్తా పోయింది.

ఒకనాటి సాయంత్రం, "నాన్నా, కూరగాయలు తెచ్చుకుందాం, రండి" అని అమ్మాయి బయలుదేరదీసింది. కార్ల్‌టన్ వీధి, చర్చి వీధి కలిసే మూలన పసుపుపచ్చ ఇటుకల భవనం ఒకటి ఉంది. పైన పెద్ద గుమ్మటం. లోపల చూస్తే పప్పులు, పళ్ళు, రొట్టెలు! అమ్మాయి తోపుడుబండి తీసుకుని వెళ్ళింది. మనవడు మాత్రం నా చెయ్యి పట్టుకుని ఇరవయ్యైదవ వరుసలోకి లాక్కుపోయాడు.

"తాతా, ఇక్కడ నిలబడు."

కిందికి చూశాను. నేలమీద ఒక ఎర్రని చుక్క.

"ఏమిట్రా ఇది?"

"ఆట మొదలయ్యే చోటు. ఐసుకి సరిగ్గా నడిమధ్య!"

చలే మేస్త్రీ అయిన రోజులు

ఆ చుక్క కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మొదట్లో ఈ ఆట గడ్డకట్టిన చెరువుల మీదా నదుల మీదా ఆడేవారు. దాన్ని కప్పుకిందికి తెచ్చి, నియమంగా ఆడిన మొదటి పందెం 1875 మార్చి 3వ తేదీన మాంట్రియల్ నగరంలోని విక్టోరియా స్కేటింగ్ రింకులో జరిగింది. జట్టుకు తొమ్మిదిమంది. బంతి ఎగిరి చూసేవారికి తగలకుండా చదునైన గుండ్రటి చెక్కబిళ్ళతో ఆడారు. 1862లో కట్టిన ఆ భవనంలో యంత్రమేదీ లేదు. నేలమీద నీళ్ళు పోస్తే చలికాలమే దాన్ని గడ్డకట్టించేది. చలి తగ్గితే ఆట బంద్!

మరుసటి సంవత్సరమే, 1876లో, లండనులో జాన్ గామ్‌జీ అనే ఆయన యంత్రంతో ఐసునేల తయారుచేసి చూపించాడు. తరువాత స్థిరపడిన పద్ధతి ఇది: నేలకింద గొట్టాలు పరచి, బాగా చల్లబరచిన ఉప్పునీరు వాటిలో పారిస్తారు. ఉప్పునీరు సున్నా డిగ్రీలకంటే దిగువకు పోయినా గడ్డకట్టదు. పైన పోసిన మంచినీరు మాత్రం గడ్డకడుతుంది. మన ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు పుట్టేదీ ఈ సూత్రం మీదనే సుమండీ! 1911లో పాట్రిక్ సోదరులు వాంకూవరులో పదివేలమంది కూర్చోగల ఐసుభవనం ఈ విధంగానే కట్టారు. 1936లో అది అగ్నికి ఆహుతైంది.

కూలీకి బదులు వాటాలు

ఇక నేను నిలబడ్డ భవనం పేరు మేపుల్ లీఫ్ గార్డెన్స్. 1931లో ప్రపంచమంతా ఆర్థికమాంద్యంతో అల్లాడుతున్న రోజుల్లో కాన్ స్మైత్ అనే ఆయన దీన్ని తలపెట్టాడు. డబ్బు చాలలేదు. అప్పుడు పనివారి సంఘాలు కూలీలో కొంత భాగానికి బదులుగా కంపెనీ వాటాలు పుచ్చుకోవడానికి ఒప్పుకున్నాయి. జూన్‌లో మొదలైన పని ఐదున్నర నెలల్లో పూర్తయి, నవంబరు 12న తలుపులు తెరిచారు. ఇంత చేసీ ఆ మొదటి ఆటలో సొంత జట్టు చికాగో చేతిలో 2-1తో ఓడిపోయింది!

అక్కడ ఉన్న కాలంలో ఆ జట్టు పదకొండుసార్లు స్టాన్లీ కప్పు గెలిచింది. 1932లో చర్చిల్ అక్కడ ఉపన్యసించాడు. 1964, 65, 66లలో బీటిల్స్ పాడారు. 1966లో మహమ్మద్ అలీ ముష్టియుద్ధం చేశాడు. చివరి లీగు ఆట 1999 ఫిబ్రవరి 13న. విచిత్రం చూడండి, ఆనాడూ ఎదుటి జట్టు చికాగోయే; ఆనాడూ ఓటమే, 6-2.

పాతబడిన ఐసుభవనాలకు సామాన్యంగా పట్టే గతి గునపమే. డెట్రాయిట్ ఒలింపియాను 1987లోనూ, చికాగో స్టేడియాన్ని 1995లోనూ, బోస్టన్ గార్డెన్‌ను 1998లోనూ కూల్చివేశారు. మాంట్రియల్ ఫోరం సినిమాహాళ్ళ సముదాయమైంది. మొదటి పందెం జరిగిన విక్టోరియా రింకు చోట ఇప్పుడు కార్లు నిలుపుతారు. టొరంటో భవనానికి మాత్రం ఆయుర్దాయం ఉంది. 2011లో కింద పచారీ కొట్టు వెలిసింది. మరుసటి ఏడు విశ్వవిద్యాలయంవారు పై అంతస్తులో, ఆ పాత గుమ్మటం కిందనే, కొత్త ఐసునేల పరచి తెరిచారు. కింద బంగాళాదుంపలు బేరమాడుతుంటే పైన పిల్లలు హాకీ ఆడుతుంటారన్నమాట!

మన తోరణాలు, మన చుక్కలు

ఆ రాత్రి మా ఓరుగల్లు కోట జ్ఞాపకం వచ్చింది. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకున్నాక స్వయంభూ ఆలయం శిథిలమైంది. కాని నాలుగు వైపులా నాలుగు కీర్తితోరణాలు నిలిచే ఉన్నాయి. వాటి నడుమ నిలబడితే గుడి ఎక్కడ ఉండేదో పసివాడైనా చెప్పగలడు. మధ్యది పోయినా గురుతు మిగిలింది.

మరి నా గురుతు? యాభై ఏళ్ళ క్రిందట మేము హాకీ ఆడిన మైదానం ఒకటి ఉండేది. ఐసు లేదు సరికదా, గడ్డి కూడా లేని ఎర్రమట్టి. సాయంత్రం ఇంటికి వెళితే మా అమ్మ గడప అవతలే ఆపి కాళ్ళమీద బిందెడు నీళ్ళు పోసేది. ఇప్పుడక్కడ దుకాణాల వరుస. అక్కడొక మైదానం ఉండేదని చెప్పే రాయి కూడా లేదు.

తిరిగి వచ్చిన వారంలోనే వెళ్ళాను. మూలన మిగిలిన ముసలి వేపచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. లెక్క తీరా ఒక స్టీలు సామాన్ల కొట్టులో తేలింది. బిందెల మధ్య నిలబడిపోయిన నన్ను చూసి కొట్టు కుర్రవాడు, "ఏం కావాలి సార్?" అన్నాడు. సంగతి చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "మా నాయన కూడా ఇక్కడ ఆడిండట సార్" అని స్టూలు తెచ్చి వేశాడు.

వచ్చే వేసవిలో మనవడు వస్తున్నాడు. తోరణాలు ఎలాగూ చూపిస్తాను. ఆ తరువాత స్టీలు కొట్టుకు తీసుకువెళ్ళి, "ఇక్కడ నిలబడరా" అంటాను. ఎర్రరంగు డబ్బా తెచ్చుకుంటే నేలమీద చుక్క పెట్టుకోనిస్తానని కుర్రవాడు మాట ఇచ్చాడు.