పేరుకు ఏడు అక్షరాలే: పాత పోకెమాన్‌ను మార్చి ఆడటం అంటే ఏమిటి?

హాలియా: ఆట మొదలు కాగానే తెల్లకోటు వేసుకున్న పెద్దాయన ఒకరు, ప్రొఫెసర్ ఓక్, తెర మీదకొచ్చి పేరు అడుగుతాడు. కింద ఇంగ్లిష్ అక్షరాల పలక తెరుచుకుంటుంది. ఏడు అక్షరాలకు మించి పట్టవు. మహేశ్, సలీం అనే పేర్లున్న పిల్లలకు ఇబ్బంది లేదు. శ్రీనివాస్‌కు ఒక అక్షరం ఎక్కువవుతుంది, మొహమ్మద్‌కూ అంతే. వెంకటేశ్వర్లు అయితే ‘వెంకీ’తో సరిపెట్టుకోవాల్సిందే.

ఇది ‘పోకెమాన్ ఫైర్‌రెడ్’. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి పోకెమాన్ ఆటను నింటెండో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి యంత్రం కోసం 2004లో మళ్లీ తయారుచేశారు. ఆ యంత్రాన్ని మన ఇలాకాలో చూసినవాళ్లు అరుదు. అయినా ఆట మాత్రం సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల దాకా వచ్చింది. కారణం సులువైనదే. మొత్తం ఆట సైజు 16 ఎంబీ. వాట్సాప్‌లో వచ్చే ఒక పెళ్లి వీడియో కంటే చిన్నది. పాత ఫోన్‌లోనూ నడుస్తది, నెట్ బ్యాలెన్స్ అక్కర్లేదు, మధ్యలో యాడ్స్ రావు. హాలియా, మిర్యాలగూడ, కోదాడ వైపు చాలా ఇళ్లలో కంప్యూటర్ కంటే ముందు వచ్చింది ఫోనే. ఒకప్పుడు మొబైల్ షాపుల్లో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించినట్టే ఇలాంటి ఆటలూ చేతులు మారాయి.

ఇప్పుడు ఆడుతున్నది చాలాసార్లు ఆ అసలు ఆట కూడా కాదు. దాన్ని మార్చి చేసినది. ఇంగ్లిష్‌లో దీన్ని ‘రామ్ హ్యాక్’ అంటారు. ఆ ‘హ్యాక్’ అన్న మాటే ఇంట్లో గొడవకు మూలం. బ్యాంకు ఖాతా ఖాళీ చేసే హ్యాకింగ్‌కూ దీనికీ సంబంధం లేదు. ఆట ఫైలును తెరిచి, అందులోని ఊళ్లు, మాటలు, ప్రత్యర్థులు, కథ మార్చి మళ్లీ మూసేయడమే ఇక్కడ హ్యాక్.

పెద్దవాళ్ల భయంలోనూ న్యాయం ఉంది. రమ్మీ, బెట్టింగ్ యాప్‌లతో కొంపలు మునిగిన సంగతి ఏ ఊరికి వెళ్లినా వినిపిస్తది. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే తెచ్చింది. కాబట్టి తండ్రి ఫోన్ లాక్కుని చూస్తే తప్పు పట్టలేం. “నాయినా, ఇండ్ల పైసలు పెట్టేది లేదు, గెల్చేది లేదు” అని కొడుకు చెప్పే జవాబు ఈ ఒక్క ఆట విషయంలో నిజమే. అందులో ఖర్చయ్యేది సమయం. దానికి లెక్క వేరే.

ముందు ఆట సంగతి చూద్దాం. దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు, అంటే ఒక పాత్రలోకి దిగి ఆడే ఆట. ఆటగాడు చిన్న ఊరి నుంచి బయల్దేరిన పిల్లవాడు. నిప్పు, నీరు, ఆకు, ఈ మూడింటిలో ఒక జాతి జీవిని ఎంచుకుంటాడు. దారిలో మరికొన్నిటిని పట్టి పెంచుతాడు. ఎనిమిది ఊళ్లలో ఎనిమిది మంది జిమ్ నాయకులను ఓడించాలి. నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు ఆకును కాల్చుతుంది, ఆకు నీటిని పీల్చుతుంది. ఆట వ్యాకరణమంతా ఇదే. ఇలాంటి జాతులు పదిహేడు ఉంటాయి, ఎవరి మీద ఎవరిది పైచేయి అన్నది గుర్తుండాలి. ఎక్కాలు రాని పిల్లలు కూడా ఈ పట్టికను మాత్రం నోటికి చెప్తారు. అదేం చిత్రమో!

మార్పు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే మొదటి జిమ్ నాయకుడు బ్రాక్ దగ్గరకు వెళ్లాలి. అసలు ఆటలో అతని దగ్గర ఉండేవి రెండే. 12వ స్థాయి జియోడ్యూడ్, 14వ స్థాయి ఆనిక్స్. రెండూ రాతి జీవులు. నిప్పు జీవి చార్మాండర్‌ను ఎంచుకున్నవాడికి రాయి మీద నిప్పు పనిచేయదు కాబట్టి ఇక్కడే దెబ్బ పడుతుంది. 2004 నాటి రచయితలు దీనికి ఒక దయ చూపించారు. చార్మాండర్ 13వ స్థాయికి రాగానే ‘మెటల్ క్లా’ అనే ఇనుప పంజా దెబ్బ నేర్చుకుంటుంది. రాయిని ఇనుము పగలగొడుతుంది. అంటే ఊరి పక్క గడ్డిలో కాసేపు తిరిగి స్థాయి పెంచుకున్నవాడు గెలుస్తాడు. ఓపిక ఉంటే చాలు, తెలివి తర్వాత సంగతి.

‘రాడికల్ రెడ్’ అనే మార్పిడి ఆటలో ఈ దారి మూసుకుపోతుంది. కథ అదే, ఊళ్లు అవే, బ్రాక్ కూడా అతనే. కానీ అతని జట్టు పెద్దదవుతుంది, జీవులు మారతాయి, ఎదుటివాడి బలహీనత చూసి దెబ్బ ఎంచుకునే తెలివి అతనికి వస్తుంది. కష్టమైన పద్ధతిలో ఆడితే జిమ్ నాయకుడిని కొట్టేదాకా స్థాయికి ఒక హద్దు కూడా ఉంటుంది. గడ్డిలో ఎంతసేపు తిరిగినా ఆ గీత దాటలేరు. ఓడినప్పుడు స్థాయి పెంచుకోవడం కాదు, జట్టు మార్చుకోవాలి. అసలు ఆటను పది గంటల్లో ముగించిన కుర్రాడు ఇక్కడ ఒక్క నాయకుడి దగ్గరే రెండు మూడు సాయంత్రాలు పోగొట్టుకోవచ్చు.

‘అన్‌బౌండ్’ ఇంకో రకం. ఫైర్‌రెడ్ పునాది మీదే కట్టారు గానీ ఊళ్లు, కథ అన్నీ కొత్తవి. బోరియస్ అనే కొత్త ప్రాంతం, పక్క పనులు, కష్టానికి నాలుగు మెట్లు ఉంటాయి. పాత ఇంటి గోడలు ఉంచి లోపల మొత్తం మార్చేసినట్టు. మొదటిసారి మార్పిడి ఆట ఆడాలనుకునేవాళ్లు అన్‌బౌండ్‌లో తేలిక మెట్టు నుంచి మొదలుపెట్టడం మేలు. రాడికల్ రెడ్‌తో మొదలుపెట్టినవాళ్లు చాలామంది సగంలోనే వదిలేస్తారు.

ఈ మార్పిడి ఆటల్లో నియమాలు కూడా కొత్తవే. 2004లో నిప్పు దెబ్బలన్నీ ఒకే లెక్కలో ఉండేవి. పిడికిలితో కొట్టినా, నోటితో ఊదినా ఒకటే. ఆ రెంటినీ వేరు చేసింది 2006లో వచ్చిన తర్వాతి తరం ఆట. దేవకన్యల జాతి ‘ఫెయిరీ’ అయితే 2013లో గానీ రాలేదు. మార్పిడి చేసేవాళ్లు ఈ కొత్త సంగతులన్నీ తెచ్చి పాత ఆటలో కూర్చారు. అందుకే చిన్నప్పుడు ఆడినవాడు అదే ఆట అనుకుని దిగితే బోల్తా పడతాడు.

ఆటగాళ్లు తమకు తాము పెట్టుకునే నియమాలు ఇంకా ఉన్నాయి. వాటిలో పేరు పొందింది ‘నజ్‌లాక్’. 2010లో నిక్ ఫ్రాంకో అనే అమెరికా యువకుడు తన ఆటను బొమ్మల కథగా గీసి పెట్టడంతో ఇది పుట్టింది. ఒక్కో దారిలో మొదట ఎదురైన జీవిని మాత్రమే పట్టాలి. పోరాటంలో పడిపోతే అది చనిపోయినట్టే, మళ్లీ వాడకూడదు. ప్రతి జీవికీ ఒక పేరు పెట్టాలి. ఈ పేరు నియమమే అన్నిటికంటే గట్టిది. ‘రాజా’ అనో ‘షేరూ’ అనో పేరు పెట్టి పదిహేను గంటలు వెంట తిప్పుకున్న జీవి ఒక్క దెబ్బకు పోతే, ఫోన్ పక్కన పడేసి కాసేపు బయట తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. యంత్రం ఆ నియమం పెట్టలేదు, మోసం చేస్తే పట్టుకునేవాడూ లేడు. మాట ఇచ్చుకున్నది తనకే.

ఇక సాంకేతిక సంగతి. మార్పిడి చేసినవాళ్లు నిజాయితీగా ఉంటే మొత్తం ఆటను పంచరు. అసలు ఫైలుకూ మార్చిన ఫైలుకూ మధ్య తేడాను మాత్రమే ఒక చిన్న ఫైలుగా ఇస్తారు. దాన్ని ప్యాచ్ అంటారు. పాత రకం ప్యాచ్ పేరు ఐపీఎస్. పోలీసు ఆఫీసర్‌తో సంబంధం లేదు! ఐపీఎస్ ప్యాచ్ 16 ఎంబీ వరకే చేరగలదు. పెద్ద మార్పులతో ఆట 32 ఎంబీకి పెరిగేసరికి యూపీఎస్, బీపీఎస్ అనే కొత్త రకాలు వచ్చాయి. ఇవి అసలు ఫైలు సరైనదేనా అని ముందే సరిచూస్తాయి. ఒక్క బైట్ తేడా ఉన్నా ఒప్పుకోవు. చాలామందికి మొదటి రోజే ఎదురయ్యే ‘ఎర్రర్’ ఇదే. ప్యాచ్ పాడవలేదు, కింద వేసిన పునాది ఫైలు వేరే వెర్షన్ అన్నమాట.

అన్నిటికంటే ఎక్కువ కన్నీళ్లు పెట్టించేది సేవ్ పోవడం. ఫోన్‌లో ఆట నడిపే ఎమ్యులేటర్‌లో రెండు రకాల సేవ్‌లు ఉంటాయి. ఒకటి ఆట మెనూలో చేసేది. రెండోది ఎమ్యులేటర్ ఆ క్షణాన్ని ఫొటో తీసినట్టు దాచే ‘సేవ్ స్టేట్’. రెండోది సుఖం, ఎక్కడంటే అక్కడ ఆగిపోవచ్చు. కానీ మార్పిడి ఆటకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత సేవ్ స్టేట్ తెరిస్తే పాత ఆట ముక్కలు కొత్త ఆటతో కలిసి అంతా గందరగోళం అవుతుంది. కొత్త వెర్షన్ వేసే ముందు ఆట మెనూలోనే సేవ్ చేసి, ఆ చిన్న ఫైలును ఇంకోచోట కాపీ పెట్టుకోవాలి. ఆట తెరవగానే ‘1ఎం సబ్ సర్క్యూట్ బోర్డ్ లేదు’ అని ఇంగ్లిష్‌లో వస్తే భయపడక్కర్లేదు. ఎమ్యులేటర్ సెట్టింగ్‌లో సేవ్ రకాన్ని 128కేకి మార్చాలి, అంతే. ఇంకో జాగ్రత్త: ‘ముందే ప్యాచ్ చేసిన ఆట’ అని ఏపీకే ఫైలు ఇచ్చే చోట్ల దిగుమతి చేసుకోవద్దు. గేమ్‌బాయ్ ఆట ఏపీకేగా ఉండాల్సిన పనే లేదు. అలాంటి ఫైలు ఎస్సెమ్మెస్‌లు చదవడానికి, కాంటాక్టులు చూడటానికి అనుమతి అడిగిందంటే వెంటనే తీసేయాలి. ఆ ఫోన్‌లోనే తండ్రి ఫోన్‌పే ఉంటుంది.

చట్టం మాటేమిటి? మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన లెక్కలోకే వస్తుంది. దాన్ని కాపీ చేసే హక్కు, మార్చే హక్కు యజమానివే. ఆట కొననివాడు నెట్ నుంచి దించుకుంటే అది కాపీయే, పాతదైనా సరే. ప్యాచ్‌లో అసలు ఆట ఉండదు కాబట్టి కంపెనీలు చాలావాటిని చూసీ చూడనట్టు వదిలేస్తాయి, అన్నిటినీ కాదు. 2016 డిసెంబరులో ‘ప్రిజం’ అనే మార్పిడి ఆట కొద్ది రోజుల్లో విడుదల కావాల్సి ఉండగా నింటెండో లాయర్ల నోటీసు వచ్చింది. ఎనిమిదేళ్ల పని ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో, అభిమానులు తొమ్మిదేళ్లు కష్టపడి సొంతంగా చేసిన ‘యురేనియం’ 15 లక్షల డౌన్‌లోడ్‌లు దాటాక వెనక్కి పోయింది. మార్పిడి ఆటను డబ్బుకు అమ్మేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు చేసేది రెండు దొంగతనాలు. ఒకటి కంపెనీ సొమ్ము, ఇంకొకటి ఉచితంగా పంచిన అభిమాని కష్టం.

ఇంత కష్టం ఉచితంగా ఎందుకు చేస్తారని అడగొచ్చు. కొందరికి అదే బడి. ‘ప్రెట్’ అనే బృందం పాత పోకెమాన్ ఆటలను విప్పి, మనిషి చదవగలిగే సీ భాషలో మళ్లీ రాసి పెట్టింది. డిప్లొమాలోనో బీటెక్‌లోనో సీ భాష చదివి, అది దేనికి పనికొస్తుందో తెలియక పరీక్ష రాసి వదిలేసిన కుర్రాడికి అందులో ఒక అంకె మార్చి ఆనిక్స్ స్థాయి పెరగడం చూస్తే పాఠం అప్పుడు ఎక్కుతుంది.

ఈ ఆటల్లో మన పిల్లలకు అడ్డుపడేది భాష. అన్‌బౌండ్‌లో కథ చాలా ఉంది, ఇంగ్లిష్ చాలా ఉంది. తెలుగు మీడియం పిల్లవాడు, ఉర్దూ మీడియం పిల్లవాడు ‘ఏ’ బటన్ నొక్కుకుంటూ కథ దాటేసి పోరాటాలే ఆడుతున్నాడు. ఆటలో సగం పోయినట్టే కదా. భాష మార్చడం అసాధ్యమా? 2006లో జపాన్‌లో మాత్రమే వచ్చిన ‘మదర్ 3’ని అభిమానులే 2008లో ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. అదీ ఇదే యంత్రం మీది ఆటే.

తెలుగుకు చిక్కు వేరు. ఫైర్‌రెడ్‌లో ఒక్కో అక్షరానికి ఒక్క బైట్, అంటే మొత్తం 256 గదులు. అందులో కొన్ని ఆట సొంత సంకేతాలకే పోతాయి. ఇంగ్లిష్‌కు అవి ఎక్కువ. జపాన్ హిరగానా, కటకానాకు సరిపోయాయి. తెలుగులో ఒక్క క గుణింతమే డజనుకు పైన, హల్లులు ముప్పై దాటతాయి, వాటి కింద వత్తులు. ‘లక్ష్మి’ అన్న పేరు చాలు గదులు చిన్నవైపోవడానికి. తెర ఎత్తు 160 చుక్కలు, మాటల పెట్టెలో రెండే వరుసలు. పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. ఉర్దూకు ఇంకో తంటా. కుడి నుంచి ఎడమకు రాయాలి, అదే అక్షరం మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా ఉంటుంది. నస్తాలిక్ వాలు ఆ చిన్న పెట్టెలో కుదరడం కష్టం, నస్ఖ్‌తో సర్దుకోవాలి. ఒకప్పుడైతే ఇది అయ్యే పని కాదనే అనేవాళ్లు. ఇప్పుడు ఆట సీ భాషలో చేతికి వచ్చింది కాబట్టి అక్షరాలు గీసే భాగాన్నే తిరగరాయొచ్చు. ఒకరిద్దరు ప్రోగ్రామర్లు, మంచి భాష తెలిసిన ఇద్దరు ముగ్గురు, ఏడాది ఓపిక కావాలి.

అక్షరాల పని అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఇంగ్లిష్‌లో అందరికీ ‘యూ’ ఒక్కటే. తెలుగులో అలా కుదరదు. ప్రొఫెసర్ ఓక్ తాతలాంటివాడు, ‘నువ్వు’ అంటాడు. ఆస్పత్రి నర్సు కొత్తవాళ్లతో మాట్లాడినట్టు ‘మీరు’ అంటుందా, పిల్లవాడు కదా అని ‘బాబూ’ అంటుందా? ఉర్దూలో ‘ఆప్’ అనాలా ‘తుమ్’ అనాలా? రాకెట్ ముఠావాళ్లు ‘ఏయ్ పోరగా’ అనకుండా ఊరుకుంటారా? చిన్నప్పటి నుంచి పక్కింట్లో పెరిగిన ప్రత్యర్థి, ఓక్ మనవడు, గెలిచిన ప్రతిసారీ వెక్కిరించేవాడు, వాడు మాత్రం ‘రా’ అనే పిలుస్తాడు. అందులో అనుమానం లేదు.