పెద్దల చావడికి పోవుదము

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసను, పలాస మొదలు ఇచ్ఛాపురము వరకు సముద్రతీరమును అంటి వ్యాపించిన ప్రదేశమునకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే ఈ రూపము దాల్చినదని పెద్దలందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఈ నేల ఆ పేరునకు తగియే యుండెను. కాని 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తెల్లవారకమునుపే తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు ప్రాంతమున తీరము దాటి, ఒక్క పూటలో లక్షల చెట్లను కూల్చివేసినది. దేశవాళీ కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. అరువది యేండ్ల రైతు ఆనాడు నాటిన మొక్క ఫలమును చూచునప్పటికి డెబ్బదికి చేరువ అగును. ఆయన కుమారులో, జీవనోపాధికై దూరపు పట్టణములకును, పరరాష్ట్రములకును, గల్ఫు దేశములకును వెడలిపోవుదురు. అందుచే ఈ పల్లెలలో పెక్కు యిండ్లకు ముసలి దంపతులే కాపు, కొన్నింట ఒక్కరే.

ఇట్టి పెద్దలు పగటివేళ కూడుకొను చోటును గూర్చియు, అచ్చటికి పోయి మనము చేయదగిన సేవను గూర్చియు నేడు ముచ్చటింపదలచితిమి.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. వృద్ధాశ్రమము వేరు, పెద్దల చావడి వేరు. ఆశ్రమము ఇల్లు లేనివారికి ఇల్లు. చావడి ఇల్లు ఉన్నవారికి ఊరు. ఉదయమున వచ్చి, నలుగురితో కూర్చుండి, మాటలాడి, పత్రిక చదివించుకొని, సాయంకాలమునకు ఎవరి ఇంటికి వారు మరలిపోవుదురు. ఇది మనకు క్రొత్త యేర్పాటు కాదు. రామకోవెల అరుగు, మఱ్ఱిచెట్టు క్రింది రచ్చబండ పూర్వము ఈ పనినే చేసినవి. 1952వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస ప్రణాళిక ప్రారంభమైన తరువాతి యేండ్లలో, పంచాయతీ భవనములందు ఊరుమ్మడి రేడియో పెట్టెల చుట్టును పెద్దలు గుమిగూడెడివారు. నేడు రచ్చబండ మిగిలినను కూర్చుండువారు తగ్గిరి. ఇంట ఒంటరిగా నున్న పెద్ద ఒకరోజు కనబడకున్నచో, ఎందుకు రాలేదని అడుగు మనిషి ఉండుట చావడి చేయు మొదటి మేలు. ఆ ప్రశ్నయే ఒక్కొక్కప్పుడు ప్రాణమును నిలుపును.

ఇక అచ్చటికి పోవు విధము. సాధారణముగా మనము పండుగనాడో, పుట్టినరోజునాడో పండ్లబుట్టతో పోయి, అందరికిని పంచి, ఛాయాచిత్రము తీయించుకొని వత్తుము. ఉద్దానమున ఈ మంచి అలవాటే ముప్పు కావచ్చును. ఈ ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి విశేషముగా వ్యాపించి యున్నది. ఎండ, నీరు, పురుగుమందులు మొదలగువానిని శాస్త్రజ్ఞులు పరిశీలించిరి గాని, దీనికి ఇదియే కారణమని నిశ్చయముగా తేలలేదు. వ్యాధి ముదిరినవారి శరీరము పొటాషియమను లవణమును బయటికి పంపజాలదు. అది రక్తమున పేరుకొన్నచో గుండె ఆగిపోవు ప్రమాదము కలదు. అరటిపండ్లయందును, కొబ్బరి నీళ్ళయందును ఆ లవణము మెండు. కొబ్బరి బోండము నిచ్చుట ఈ సీమలో మర్యాద. ఆ మర్యాదయే రోగికి విషము కాగలదు. డయాలిసిస్ చేయించుకొనువారు త్రాగు నీటికి సైతము వైద్యులు కొలత పెట్టుదురు. కావున ఏమి తేవచ్చునో ముందుగా అడిగి, పిమ్మటనే తీసికొనిపోవలెను.

మందుబిళ్ళల విషయమున మరింత జాగ్రత్త యవసరము. మోకాళ్ళు నొప్పియని ఒక పెద్దాయన అనగానే జేబులోని నొప్పిబిళ్ళ తీసి యిచ్చుట మనలో చాలమందికి అలవాటు. ఆ జాతి బిళ్ళలు పెక్కు మూత్రపిండములకు హాని చేయును. వైద్యుని మాట లేనిదే ఒక్క బిళ్ళయు ఇయ్యరాదు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. బిళ్ళ యిచ్చుటకంటె, రోగిని అచ్చటికి వెంటబెట్టుకొని పోవుట మేలైన సేవ. డయాలిసిస్ సాధారణముగా వారమునకు రెండు మూడు పర్యాయములు, ఒక్కొక్క పర్యాయము నాలుగు గంటలు సాగును. కుమారుడు దూరదేశమున నుండగా, ఆ నాలుగు గంటలు ప్రక్కన కూర్చుండి, తిరిగి ఇంటికి చేర్చు మనిషి దొరకుట ఎంత ధైర్యమో అనుభవించినవారికే తెలియును.

కాగితముల పని మరియొకటి. పలాస జీడిపప్పునకు పేరుపడిన పట్టణము. జీడిపిక్క తొక్కలోని రసము చర్మమును కాల్చును. యేండ్ల తరబడి పిక్కలు ఒలిచిన చేతుల వ్రేలిగీతలు చెడుట, అరిగిపోవుట కలదు. పింఛను దినమున యంత్రము అట్టి వ్రేలిని గుర్తింపకపోవచ్చును. జీవితమంతయు కష్టించిన చేయియే ఆమెను ఆమె కాదని చెప్పినట్లగును! అప్పుడు కనుపాప ద్వారా గాని, ముఖము ద్వారా గాని గుర్తింపవచ్చునని సిబ్బందికి గుర్తుచేసి, ఆమె ప్రక్కన నిలిచినచో పని నెరవేరును. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశములో వృద్ధాప్యపు పింఛను నెలకు 4,000 రూపాయలకు పెరిగినది. డయాలిసిస్ రోగులకు 10,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. అర్హత యుండియు దరఖాస్తు వ్రాయువారు లేక నిలిచిపోయినవారిని వెదకి పట్టుకొనుట చదువుకొన్న యువకుల వంతు.

కొందరి కష్టము ఇంటిలోనే యుండును. ఆస్తి వ్రాయించుకొని అన్నము పెట్టని బిడ్డలును లేకపోలేదు. 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము ననుసరించి పోషణ కోరుచు రెవిన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. టెక్కలియు, 2022 నుండి పలాసయు డివిజను కేంద్రములే. పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో, తిరిగి పొందు మార్గమును ఆ చట్టమున కలదు. 14567 అను ఫోను సంఖ్యకు ఉచితముగా పిలిచి పెద్దలు సలహా పొందవచ్చును. అయితే ఇంటి గుట్టును విన్న సేవకుడు దానిని చావడిలో చర్చకు పెట్టరాదు. పెద్దల అనుమతి లేక అర్జీయు పెట్టరాదు. బిడ్డపై కోపము కంటె పరువు పోవునను భయమే వారికి పెద్దది.

ఇంతవరకు మనము ఇచ్చుటను గూర్చియే చెప్పితిమి. పుచ్చుకొనుటయు సేవలో భాగమే. తాతా, మామ్మా యని పిలిచి ప్రక్కన కూర్చుండి చూడుడు. ఇసుకనేలలో కొబ్బరిమొక్కను ఎంతలోతున నాటవలెనో వారు చెప్పుదురు. గాలి మారినప్పుడు సముద్రము రంగును బట్టి తుపానును పసిగట్టు జాలరి అచ్చట దొరకును. జముకుల కథలును, తప్పెటగుళ్ళ పాటలును ఇంకను కొందరి నోట నిలిచియున్నవి. 1940వ సంవత్సరమున మందస జమీందారీ ప్రాంతమున గుడారి రాజమణిపురములో తుపాకి గుండ్లకు ఎదురు నిలిచి ప్రాణములు విడిచిన వీరగున్నమ్మ ముచ్చటను తమ తల్లుల నోట విన్నవారు ఇప్పటికి డెబ్బది, ఎనుబది యేండ్లవారు. ఒక్క నోటుపుస్తకమో, చేతిలోని ఫోనులో ధ్వనిముద్రణయో చాలును. వారితోడనే ఆ సంపద పోకుండ కాపాడవచ్చును. తమ మాట ఎవరికో పనికివచ్చినదని తెలిసిన పెద్ద, మరునాడు వేళకు ముందే చావడికి వచ్చును.

కడపట ఒక్క సంగతి. టెక్కలికి సమీపమున తేలినీలాపురమను గ్రామము కలదు. యేటేట గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును శీతకాలమునకు ముందు అచ్చటికి వచ్చి, చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను సాకుకొని, వేసవి రాకతో మరలిపోవును. ఊరివారు వాని రాకకై ఎదురుచూతురు. వానికి కీడు చేయరు. వేళ తప్పక వచ్చుటచేతనే అవి ఊరి పక్షులైనవి. పెద్దల చావడికి పోవువారికిని ఇదియే నియమము. ఒక్కనాడు పదిగంటలు గడిపి మరల కనబడకపోవుటకంటె, వారమునకొక్క గంట తప్పక పోవుట మేలు. మరల వత్తుమన్న మాటను మనము బస్సెక్కగానే మరచిపోవచ్చును. వారు మరువరు, ఆ దినమున ఉతికిన బట్ట కట్టుకొని, అరుగుపై కూర్చుండి త్రోవ చూచుచుందురు. కావున రాగలిగిన దినమునే చెప్పుదము. చెప్పిన దినమున పోవుదము.