ఏ గడ్డమీద మేటి ఆటగాళ్ళు ఎక్కువ?



మొన్న వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు కుటుంబంతో మా ఊరు వచ్చాడు. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరం దగ్గర స్థిరపడ్డాడు. అతని అన్నగారిది ఫ్లోరిడా రాష్ట్రం. ఇద్దరి పిల్లలూ అక్కడ హైస్కూలు చదువుతున్నారు. మా అరుగు మీద కూర్చున్నారో లేదో, వాళ్ళిద్దరికీ వాదన మొదలయింది.

"హైస్కూలు ఫుట్‌బాల్ అంటే మా టెక్సాసే!" అన్నాడొకడు.

"మీ రాష్ట్రం పెద్దది కాబట్టి ఎక్కువమంది వస్తారు. జనాభాతో భాగించి చూడు, మా ఫ్లోరిడాయే ముందుంటుంది!" అన్నాడు రెండోవాడు.

ఈ వాదన వింటూ నిలబడ్డ మా తొమ్మిదో తరగతి కుర్రాడు, వాళ్ళు వెళ్ళిపోయాక నెమ్మదిగా అడిగాడు: "మాస్టారూ, ఒక్క పేరున్న ఆటగాడు కూడా రాని ఊళ్ళో ఎవరికీ సత్తా లేదనేనా అర్థం?"

చాలా మంచి ప్రశ్న! దీనికి జవాబు ఆటస్థలంలో కంటే లెక్కల పుస్తకంలోనే ఎక్కువగా దొరుకుతుంది. రండి, వెదుకుదాం.

ముందు ఆ ఆట సంగతి

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో తన్ని ఆడే ఆట కాదు. అక్కడి బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. దాన్ని చేత్తో విసురుతారు, చంకన పెట్టుకొని పరుగెత్తుతారు. ఎదుటి జట్టువాళ్ళు మీదపడి ఆపుతారు. అందుకే తలకు శిరస్త్రాణం, భుజాలకు దళసరి కవచం తొడుక్కుంటారు. ఒక్కో జట్టుకు 11 మంది. మైదానంలో ఆట సాగే నిడివి 100 గజాలు.

ఆ దేశంలో సుమారు 10 లక్షల మంది బాలురు హైస్కూళ్ళలో ఈ ఆట ఆడుతున్నారు. వారిలో కళాశాల జట్లకు చేరేది నూటికి ఏడెనిమిది మంది మాత్రమే. ఆ కళాశాలల నుంచి వృత్తి జట్లు ఏటా జరిగే ఎంపికలో తీసుకొనేది 250 పైచిలుకు. ఎంత సన్నని జల్లెడో చూచారా!

కళాశాలలు మంచి ఆటగాళ్ళకు చదువు ఖర్చులు భరించి స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. అందువల్ల ఏ స్కూల్లో ఎవరు బాగా ఆడుతున్నారో వెదికి, వాళ్ళకు నక్షత్రాలు వేసే సంస్థలు అక్కడ పుట్టుకొచ్చాయి. రెండు నక్షత్రాలంటే మామూలు, ఐదు నక్షత్రాలంటే మేటి. దేశం మొత్తం మీద ఏడాదికి ఐదు నక్షత్రాలు దక్కేది సుమారు 30 మందికి. "మా రాష్ట్రానికి ఇన్ని నక్షత్రాలు" అని జనం పోట్లాడుకొనేది వీటి గురించే.

మొత్తమా? తలసరియా?

టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా, జార్జియా. మేటి ఆటగాళ్ళ జాబితా ఎవరు రాసినా సాధారణంగా ఈ పేర్లే పైన ఉంటాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం కాలిఫోర్నియాలో 3 కోట్ల 95 లక్షలు, టెక్సాస్‌లో 2 కోట్ల 91 లక్షలు, ఫ్లోరిడాలో 2 కోట్ల 15 లక్షలు, జార్జియాలో 1 కోటి 7 లక్షల మంది ఉన్నారు. పెద్ద చెరువులో ఎక్కువ చేపలు పడటంలో వింత ఏముంది?

కాబట్టి జనాభాతో భాగించాలి. భాగించగానే దక్షిణాదిన ఉన్న లూసియానా, మిసిసిప్పి, అలబామా వంటి చిన్న రాష్ట్రాలు గబగబా పైకి వస్తాయి. జార్జియా అప్పుడూ పైనే ఉంటుంది. కాలిఫోర్నియా మాత్రం కిందికి జారిపోతుంది.

అయితే దేనితో భాగించాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాలిఫోర్నియాలో జనం ఎక్కువే గాని, హైస్కూల్లో ఈ ఆట ఆడేవారి సంఖ్యలో టెక్సాస్‌దే పైచేయి. మొత్తం జనాభాతో భాగిస్తే ఒక జవాబు, ఆడే పిల్లల సంఖ్యతో భాగిస్తే మరో జవాబు వస్తాయి. రెండూ సరైన లెక్కలే. కాని అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది "ఆ రాష్ట్రంలో ఈ ఆట ఎంతగా వేళ్ళూనుకొంది?" అని అడుగుతుంది. రెండోది "ఆడేవారిలో ఎందరు మేటి వాళ్ళవుతున్నారు?" అని అడుగుతుంది. హారం మారితే ప్రశ్నే మారిపోతుందన్నమాట!

లవంలోనూ తిరకాసు ఉంది. ఫ్లోరిడాలోని బ్రాడెంటన్ అనే ఊళ్ళో ఐ.ఎమ్.జి. అకాడమీ అనే వసతి పాఠశాల ఉంది. వేరే రాష్ట్రాల నుంచి కూడా మంచి ఆటగాళ్ళు వచ్చి అక్కడ చేరతారు. ఆ పిల్లలను ఫ్లోరిడా ఖాతాలో వేయాలా? పుట్టి పెరిగిన రాష్ట్రం ఖాతాలో వేయాలా? ముందే ఒక నియమం పెట్టుకోకపోతే లెక్క ఎవరికి కావలసినట్లు వారికి వంగుతుంది.

చింతగింజల ప్రయోగం

తలసరి లెక్కలో మరో ప్రమాదం ఉంది. వయోమింగ్ అనే రాష్ట్రంలో ఉన్నది 5 లక్షల 77 వేల మందే. టెక్సాస్ జనాభా దీనికి 50 రెట్లు. ఒక ఏడాది వయోమింగ్‌లో ఒక్క కుర్రాడికి ఐదు నక్షత్రాలు వచ్చాయనుకోండి. అతనితో తలసరి లెక్కలో సమానం కావాలంటే టెక్సాస్‌కు 50 మంది కావాలి. దేశంలో ఉన్న ఆ 30 మందీ టెక్సాస్‌లోనే పుట్టినా చాలరు! మరుసటి ఏడాది వయోమింగ్‌లో ఎవరూ రాకపోతే ఆ రాష్ట్రం అట్టడుగుకు పోతుంది. ఒక్క ఏడాదిలో ఆ నేలలోని సారం మారిపోయిందా? లేదు. చిన్న సంఖ్యల స్వభావమే అంత.

నమ్మకం కలగకపోతే మీరే చేసి చూడండి. 200 చింతగింజలు తీసుకోండి. అందులో 20 గింజలను నేలమీద అరగదీసి తెల్లగా చేయండి. అన్నిటినీ ఒక సంచిలో వేసి బాగా కలపండి. తెల్ల గింజ మేటి ఆటగాడనుకోండి. సంచిలో తెల్లవి నూటికి 10.

చూడకుండా 5 గింజలు తీసి, తెల్లవి ఎన్నో రాసుకొని, మళ్ళీ సంచిలో వేసి కలపండి. ఇలా పదిసార్లు చేయండి. ఇది చిన్న రాష్ట్రం. చాలాసార్లు ఒక్క తెల్ల గింజా రాదు. ఎప్పుడో ఒకసారి రెండు వస్తాయి, అంటే నూటికి 40! తరువాత ఒక్కోసారి 50 గింజల చొప్పున పదిసార్లు తీయండి. ఇది పెద్ద రాష్ట్రం. ఎక్కువసార్లు మూడుకూ ఏడుకూ మధ్యనే వస్తాయి.

సంచి ఒక్కటే, గింజలూ అవే. చిన్న గుప్పెడు తీస్తే ఆకాశానికీ పాతాళానికీ ఊగుతుంది, పెద్ద దోసిలి తీస్తే నిలకడగా ఉంటుంది. అందుకే సాంఖ్యక శాస్త్రం తెలిసినవారు ఒక ఏడాది జాబితా చూచి తీర్పు చెప్పరు. పదేళ్ళ లెక్కలు కలిపి చూస్తారు.

సగటులో పిసరు, కొసన కొండ

పదేళ్ళు కలిపి చూచినా దక్షిణాది రాష్ట్రాలు ముందుంటున్నాయి గదా, అది వాళ్ళ రక్తంలోనే ఉందా? తొందరపడకండి. ఇంకో లెక్క చూడండి.

ఆటలో నేర్పును మార్కులుగా కొలిచామనుకుందాం. ఒక ప్రాంతపు పిల్లల సగటు 50. ఎక్కువమంది ఆ సగటు చుట్టూనే ఉంటారు, దూరం పోయేకొద్దీ పలచబడతారు. గ్రాఫు గీస్తే గంట బోర్లించినట్లు ఉంటుంది. మార్కులు అటూ ఇటూ చెదిరి ఉండటాన్ని కొలిచే ప్రమాణ విచలనం 10 అనుకుందాం. అప్పుడు 80 దాటేవారు 10,000 మందిలో సుమారు 13 మంది.

పక్క ప్రాంతపు సగటు 55. తేడా ఐదు మార్కులే. రెండు తరగతులను పక్కపక్కన కూర్చోబెడితే మనం పోల్చుకోలేం కూడా. అయినా అక్కడ 80 దాటేవారు 10,000 మందిలో సుమారు 62 మంది! నాలుగు రెట్లకు పైనే. సగటులో పిసరంత తేడా ఉంటే చాలు, కొసన అది కొండంత అవుతుంది. మేటి ఆటగాళ్ళ జాబితా అంటే ఆ కొసను మాత్రమే చూడటం. కొసను చూచి అక్కడివాళ్ళంతా గొప్పవాళ్ళనీ, ఇక్కడివాళ్ళంతా చేతకానివాళ్ళనీ అనుకోవడం పొరపాటు.

ఆ ఐదు మార్కులు రావడానికి రక్తంతో పనేముంది? దక్షిణాదిన చలి తక్కువ. ఏడాదిలో చాలా నెలలు బయట ఆడుకోవచ్చు. టెక్సాస్, ఫ్లోరిడాలలో అసలు పోటీల కాలానికి ముందే వసంతంలోనూ బడి జట్లకు సాధన ఉంటుంది. శుక్రవారం రాత్రి బడి జట్టు ఆడుతుంటే ఊరు ఊరంతా అక్కడే. డల్లాస్ దగ్గర ఆలెన్ అనే ఊళ్ళో 2012లో ఒక హైస్కూలు కోసం 18,000 మంది కూర్చొనే స్టేడియం కట్టారు. దాని ఖర్చు సుమారు 6 కోట్ల డాలర్లు! అలాంటి ఊళ్ళో పిల్లవాడు నడక నేర్చింది మొదలు బంతితోనే పెరుగుతాడు. విత్తనం గురించి మాట్లాడే ముందు నీరూ ఎరువూ ఎంత పోశారో అడగాలి.

చూచే కళ్ళు ఎక్కడ?

ఇప్పుడు మన కుర్రాడి ప్రశ్నకు వద్దాం. జాబితాలో పేరు లేకపోతే సత్తా లేనట్టేనా?

జాబితా సత్తాను నేరుగా కొలవదు. ఎవరో చూచి గుర్తించిన సత్తానే కొలుస్తుంది. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అని దాదాపు 8,000 మంది ఉండే వ్యవసాయపు ఊరు ఉంది. అక్కడి రైతుబిడ్డ జాష్ ఆలెన్‌కు హైస్కూలు ముగిసేనాటికి ఒక్క పెద్ద కళాశాల కూడా స్కాలర్‌షిప్పు ఇస్తామనలేదు. రీడ్లీ అనే చిన్న కళాశాలలో చేరి, దేశంలోని శిక్షకులకు తానే ఈమెయిళ్ళు పంపుకొన్నాడు. చివరకు వయోమింగ్ విశ్వవిద్యాలయం పిలిచింది. అవును, ఇందాక మనం చెప్పుకొన్న ఆ చిన్న రాష్ట్రమే! 2018 వృత్తి జట్ల ఎంపికలో అతడు ఏడోవాడు. 2024 పోటీల్లో దేశంలోకెల్లా అత్యంత విలువైన ఆటగాడు.

మిసిసిప్పిలోని క్రాఫర్డ్ అనే పల్లెకు చెందిన జెర్రీ రైస్ సంగతీ అంతే. తండ్రి ఇటుకల తాపీపని చేసేవాడు. విసిరిన ఇటుకలను పట్టుకొంటూ కొడుకు చేతులు గట్టిపడ్డాయి. పెద్ద విశ్వవిద్యాలయాలేవీ తీసుకోకపోతే తన రాష్ట్రంలోని ఒక చిన్న విశ్వవిద్యాలయంలో చేరాడు. 1985లో వృత్తి ఆటలోకి వెళ్ళి, బంతి పట్టుకొని సాధించిన గజాలలో 22,895తో రికార్డు నెలకొల్పాడు.

కొన్నిసార్లు కళ్ళు కావాలనే మూసుకొంటాయి. దక్షిణాదిలోని పెద్ద విశ్వవిద్యాలయాలు ఎన్నో ఏళ్ళు నల్లజాతి యువకులను తమ జట్లలోకి రానివ్వలేదు. ఆ విశ్వవిద్యాలయాల కూటమిలో మొదటిసారి ఒక నల్లజాతి యువకుడు, నేట్ నార్తింగ్‌టన్, మైదానంలో దిగింది 1967లో. అంతకు ముందు ఆ జట్ల జాబితాలు చూచి "నల్లవారిలో ఆటగాళ్ళు లేరు" అని ఎవరైనా అంటే, అది ఎంత పెద్ద అబద్ధమో ఆలోచించండి!

అలాగని నక్షత్రాలు ఉత్త బూటకమని కాదు. ఐదు నక్షత్రాలవాడు వృత్తి జట్టుకు చేరే అవకాశం మూడు నక్షత్రాలవాడి కంటే చాలా ఎక్కువ. కాని లెక్క వేసి చూడండి. ఐదు నక్షత్రాలవారు 30 మంది, సగం మంది నెగ్గారనుకుందాం, 15 మంది. తక్కువ నక్షత్రాలవారు 2,000 మంది, ఇరవైమందికి ఒకరే నెగ్గారనుకుందాం, 100 మంది! ఈ అంకెలు ఊహించినవే గాని జరిగే తీరు ఇదే. వృత్తి జట్లకు చేరేవారిలో ఎక్కువమంది ఐదు నక్షత్రాలు లేనివారే.

దీనికి జీవశాస్త్రం కూడా సాయం వస్తుంది. మగపిల్లలు చాలా వేగంగా పొడవు పెరిగేది సగటున 14 ఏళ్ళప్పుడు. ఆ ఏడాదిలో 9, 10 సెంటీమీటర్లు పెరగవచ్చు. కొందరికి ఇది 12లోనే వస్తుంది, కొందరికి 16 దాకా రాదు. ముందు పెరిగినవాడు ఆనాటికి బలంగా కనిపిస్తాడు, అందరి కళ్ళూ అతడిమీదే. వెనుక పెరిగేవాడు తరువాత అందుకోవచ్చు, దాటిపోనూవచ్చు. జాష్ ఆలెన్ కూడా హైస్కూల్లో బక్కపలచని కుర్రాడే.

కనుక పిల్లలూ, ఎవరైనా "ఫలానా చోటివాళ్ళు గొప్ప" అని జాబితా చూపితే నాలుగు ప్రశ్నలు అడగండి. దేనితో భాగించారు? ఎన్నేళ్ళ లెక్క? అక్కడ సాధనకు ఏ సదుపాయాలున్నాయి? చూచేవాళ్ళు ఎక్కడెక్కడికి వెళ్ళారు? ఈ ప్రశ్నలు ఆటలకే కాదు, పరీక్షా ఫలితాల జాబితాలకూ పనికొస్తాయి.

మా కుర్రాడికి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే మాస్టారూ, జాబితాలో లేకపోవడమంటే ఎవరూ చూడలేదని కూడా కావచ్చు" అన్నాడు. "కావచ్చు. అందుకే చూచేవాళ్ళు వచ్చేదాకా సాధన ఆపకూడదు" అన్నాను.

మర్నాడు వాడు 200 చింతగింజలు మూటగట్టుకొని బడికి వచ్చాడు. మీరూ చేసి, మీకు వచ్చిన అంకెలు పట్టికగా రాసి మీ మాస్టారికి చూపించండి!