వరిగడ్డి నేలలో కలిపే ముందు

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయిన పిమ్మట కోస్తా జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు రాయచూరు, కొప్పళ, బళ్లారి ప్రాంతాల క్యాంపులలో వరి సాగు చేపట్టాయి. కోత ముగిశాక మిగిలే గడ్డిని ఏమి చేయాలన్నది వరి పండించే ప్రతి ఇంటి ప్రశ్న.

తగులబెడితే గడ్డిలోని నత్రజని దాదాపు అంతా గాలిపాలవుతుంది. కనుక నేలకే తిరిగి ఇవ్వడం మేలు. అయితే ఏ స్థితిలో ఇస్తున్నారన్నదే ముఖ్యం.

పచ్చిగడ్డిని దున్ని వెంటనే నీరు కడితే, నిలువ నీటి కింద నేలకు ప్రాణవాయువు అందదు. అక్కడ గడ్డిని కుళ్లజేసే సూక్ష్మజీవులు మీథేన్ వాయువును పుట్టిస్తాయి. అది బుడగలుగానూ, వరి కాడల ద్వారానూ పైకి వస్తుంది. నూరేళ్ల లెక్కన ఒక కిలో మీథేన్ సుమారు 27 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. నష్టం పైరుకు కూడా. కుళ్లుతున్న గడ్డి నత్రజనిని కొంతకాలం పట్టి ఉంచడంతో లేత పైరు పసుపు వారుతుంది.

అదే గడ్డి ముందుగా మాగితే ఈ ముప్పు తగ్గుతుంది. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం, సాగుకు 30 రోజులకు పైగా ముందే కలిపిన గడ్డికి మీథేన్ పుట్టించే ప్రభావం అప్పటికప్పుడు కలిపిన గడ్డిలో ఐదో వంతు మాత్రమే. కంపోస్టు, పశువుల ఎరువు కూడా దాదాపు అంతే. జీలుగ, జనుము వంటి పచ్చిరొట్టకు అది సగానికి దగ్గరగా ఉంటుంది.

మడిని నడుమ నడుమ ఆరనిస్తే మీథేన్ ఇంకా తగ్గుతుంది. అయితే ఆరి తడిసే నేలలో యూరియాలోని నత్రజని కొంత నైట్రస్ ఆక్సైడుగా మారుతుంది. దాని వేడి బొగ్గుపులుసు వాయువుకు 273 రెట్లు. సాధారణంగా మీథేన్ తగ్గడం వల్ల కలిగే లాభమే ఎక్కువైనా, యూరియాను ఒకేసారి చల్లక రెండు మూడు దఫాలుగా వేయాలి. 45 కిలోల బస్తాలో నత్రజని 21 కిలోలకు కాస్త తక్కువ. గాలిలో కలిసినదంతా రైతు సొమ్మే. 2015 నుండి యూరియాకు తప్పనిసరి చేసిన వేపనూనె పూత ఈ మార్పును కొంత నెమ్మదింపజేస్తుంది.

రెండు పంటల నడుమ నెల వ్యవధి లేని చోట, కూలి ఖర్చయినా గడ్డిని గట్టున కుప్ప వేసి, పేడనీళ్లు చల్లి మాగబెట్టి, మరుసటి పంటకు వాడుకోవచ్చు. కుప్పను అప్పుడప్పుడు తిరగవేయాలి. లేకుంటే లోపలికి గాలి అందక అక్కడ కూడా మీథేన్ పుడుతుంది.