కామ్‌కార్డర్ నుండి లినక్స్ కంప్యూటరుకు వీడియో బదిలీ

డిజిటల్ కామ్‌కార్డరుతో టేపుపై చిత్రీకరించిన దృశ్యాలను, నాణ్యత తగ్గకుండా, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిచేసే కంప్యూటరులోకి దస్త్రాలుగా తెచ్చుకొనే ప్రక్రియ ఇది. 1990ల చివరి నుండి సుమారు పదేళ్ళ పాటు పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పిల్లల బారసాలలు అనేకం మినీ డీవీ క్యాసెట్లపై నిక్షిప్తమయ్యాయి. అయస్కాంత టేపు కాలక్రమేణా క్షీణిస్తుంది. దానిని ఆడించగల కెమెరాలు కూడా ఇప్పుడు పాతవాటిలో వెతుక్కోవలసినవే. అందువలన ఈ బదిలీ వాయిదా వేయదగిన పని కాదు.

డీవీ టేపు స్వభావం

డీవీ ప్రమాణం 1995లో వెలువడింది. మినీ డీవీ టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు. మామూలు వేగంలో ఒక క్యాసెట్టు సాధారణంగా 60 నిమిషాలు నడుస్తుంది. ఇందులో దృశ్యం సుమారు 5:1 నిష్పత్తిలో కుదించబడుతుంది. ప్రతి ఫ్రేమును పక్క ఫ్రేములతో సంబంధం లేకుండా విడిగా కుదించడం దీని ప్రత్యేకత. భారతదేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఫ్రేము 720×576 పిక్సెళ్ళు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 720×480 పిక్సెళ్ళు, సెకనుకు 29.97 ఫ్రేములు. అమెరికాలోని బంధువులు పంపిన టేపును ఇక్కడి పాల్ కెమెరా సరిగా ఆడించలేకపోవచ్చు. అటువంటి టేపుకు ఎన్‌టీఎస్‌సీ కెమెరానే సంపాదించడం మేలు.

శబ్దంతో కలిపి డీవీ సమాచారం సెకనుకు సుమారు 3.6 మెగాబైట్లు. అంటే ఒక గంట టేపుకు సుమారు 13 గిగాబైట్ల స్థలం కావాలి. ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన డిస్కులో ఒక దస్త్రం 4 గిగాబైట్లకు మించరాదు. కనుక ఈఎక్స్‌టీ4 వంటి లినక్స్ ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కు వాడటం ఉత్తమం.

ఫైర్‌వైర్ సంధానం

టేపుపై ఉన్న అంకెల సమాచారాన్ని ఉన్నది ఉన్నట్లుగా పంపే మార్గం ఐఈఈఈ 1394. దీనిని యాపిల్ సంస్థ ఫైర్‌వైర్ అని, సోనీ సంస్థ ఐలింక్ అని పిలిచాయి. కామ్‌కార్డర్లలో సాధారణంగా 4 పిన్నుల చిన్న సాకెట్టు, కంప్యూటర్లలో 6 పిన్నుల సాకెట్టు ఉంటాయి. 6 పిన్నుల సాకెట్టులో విద్యుత్తు కూడా ప్రవహిస్తుంది. దానిని తలకిందులుగా బలవంతంగా దూర్చితే పరికరం పాడవుతుంది. కాబట్టి కెమెరాను ఆపి ఉంచి కేబుల్ కలపడం క్షేమం.

కొత్త కంప్యూటర్లలో ఈ సాకెట్టు ఉండదు. డెస్క్‌టాప్ కంప్యూటరుకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు అమర్చుకోవచ్చు. ఒక చివర ఫైర్‌వైర్, మరొక చివర యూఎస్‌బీ ఉన్న సాదా కేబుళ్ళు ఈ పనికి పనికిరావు. రెండింటి సంకేత విధానాలు వేరు కనుక పిన్నులు కలిపినంత మాత్రాన సమాచారం ప్రవహించదు. చాలా డీవీ కెమెరాలకు ఉన్న యూఎస్‌బీ సాకెట్టు నిశ్చల చిత్రాల కోసమో, తక్కువ నాణ్యత గల దృశ్యం కోసమో ఉద్దేశించినది.

లినక్స్‌లో ఏర్పాట్లు

లినక్స్ కెర్నెల్‌లో ప్రస్తుతమున్న ఫైర్‌వైర్ విభాగం 2007లో 2.6.22 కూర్పుతో చేరింది. పాత విభాగాన్ని 2011 జనవరిలో విడుదలైన 2.6.37 కూర్పులో తొలగించారు. అందువలన పాత పుస్తకాలలో కనిపించే రా1394 పరికర దస్త్రం గురించిన సూచనలు నేడు వర్తించవు. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 26 ఫైర్‌వైర్‌కు మద్దతు మానుకున్నది. దానితో పాత టేపులకు లినక్స్ ప్రాధాన్యం మరింత పెరిగింది.

టేపు నుండి సమాచారాన్ని గ్రహించడానికి డీవీగ్రాబ్ అనే ఉచిత ప్రోగ్రాము ప్రసిద్ధం. దీనిని ఆర్న్ షిర్మాకర్ ప్రారంభించగా డాన్ డెన్నెడీ కొనసాగించాడు. దీనితో జతగా వాడిన కీనో అనే ఎడిటింగ్ ప్రోగ్రాము అభివృద్ధి 2013 నాటికే నిలిచిపోయింది. కెమెరా కలిపినా డీవీగ్రాబ్‌కు అది కనిపించకపోతే, వాడుకరి ఖాతా వీడియో అనే గ్రూపులో ఉన్నదో లేదో చూడాలి.

బదిలీ విధానం

1. క్యాసెట్టుపై ఉన్న చిన్న మీటను సేవ్ వైపు జరపాలి. దీనివలన పొరపాటున పాత దృశ్యంపై కొత్తది రికార్డు కాదు.
2. కెమెరాను బ్యాటరీపై కాక నేరుగా కరెంటుపై నడపాలి.
3. కేబుల్ కలిపి, కెమెరాను చిత్రీకరణ స్థితిలో కాక ప్లే లేదా వీసీఆర్ స్థితిలో ఉంచాలి.
4. డీవీగ్రాబ్‌లో ఆటోస్ప్లిట్, టైమ్‌స్టాంప్ అనే ఐచ్ఛికాలు ఎంచుకోవాలి. మొదటిది చిత్రీకరణ ఆగి మొదలైన ప్రతి చోటా కొత్త దస్త్రం తెరుస్తుంది. రెండవది చిత్రీకరించిన తేదీ, సమయాలను దస్త్రం పేరులో చేరుస్తుంది.
5. టేపును మొదటికి తిప్పి బదిలీ ప్రారంభించాలి. గంట టేపుకు గంట సమయం పడుతుంది.

తేదీ, సమయం టేపుపై దృశ్యంతో పాటే నమోదై ఉంటాయి. పసుపు, తెలుపు, ఎరుపు తీగల ద్వారా అనలాగ్ రూపంలో పట్టుకొంటే ఈ వివరాలు పోతాయి, నాణ్యత కూడా తగ్గుతుంది.

ఎదురయ్యే సమస్యలు

ఫైర్‌వైర్‌లో వీడియో నిరంతర ప్రవాహంగా వస్తుంది. ఒక ముక్క తప్పిపోతే దానిని తిరిగి అడిగే ఏర్పాటు లేదు. కనుక బదిలీ సమయంలో కంప్యూటరుపై ఇతర భారీ పనులు పెట్టరాదు. ఫ్రేములు తప్పిపోతే డీవీగ్రాబ్ హెచ్చరిస్తుంది. అప్పుడు ఆ భాగాన్ని వెనుకకు తిప్పి మళ్ళీ పట్టుకోవాలి.

దృశ్యంలో చదరపు గళ్ళు కనిపిస్తే కెమెరా హెడ్డు మలినమై ఉండవచ్చు. దానికి క్లీనింగ్ క్యాసెట్టును తయారీదారు చెప్పిన కొద్ది సెకన్లు మాత్రమే వాడాలి. బూజు పట్టిన టేపును కెమెరాలో పెట్టరాదు. ఆ బూజు హెడ్డుకు, అక్కడి నుండి మంచి టేపులకు అంటుకొంటుంది. ఎల్‌పీ వేగంలో తీసిన టేపు, తీసిన కెమెరాలో తప్ప వేరొక దానిలో సరిగా ఆడకపోవచ్చు. దెబ్బతిన్న టేపును రెండు మూడు సార్లు పట్టుకొని, వాటిలోని మంచి ఫ్రేములను కలిపి ఒకే దస్త్రంగా చేయడానికి డీవీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉన్నది.

భద్రపరచడం

డీవీలో ప్రతి ఫ్రేము బేసి, సరి గీతలుగా రెండు భాగాలై ఉంటుంది. అందువలన కంప్యూటరు తెరపై కదిలే వస్తువుల అంచున దువ్వెన పళ్ళ వంటి గీతలు కనిపిస్తాయి. ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ ప్రోగ్రాముతో ఈ గీతలు తొలగించి, హెచ్.264 రూపంలో చిన్న దస్త్రం తయారు చేసి బంధుమిత్రులకు పంపుకోవచ్చు. అయితే అది చూడటానికి వాడే నకలు మాత్రమే. మూల డీవీ దస్త్రాలను చెరిపివేయరాదు. వాటిని రెండు వేర్వేరు డిస్కులలో, వీలైతే రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచాలి. దస్త్రాలను మొదటి నుండి చివరి వరకు ఆడించి చూసిన తరువాత కూడా అసలు టేపును పారవేయక, తేమ లేని చోట నిలువుగా భద్రపరచడం మంచిది.